ఆకు మీద తెల్లరాయి

పైనుంచి చూస్తే పడవ అంటే రెండు గీతలే. ఒకటి ఎడమకి ఉబ్బి, ఒకటి కుడికి ఉబ్బి, కొసలు దాదాపు కలవబోయి ఆగిపోతాయి. కొండవాలు మీద కొబ్బరిచెట్ల మధ్య నిలబడి రేవులోకి చూసే చిన్నతనంలోనే సీతాలుకి ఆ సంగతి తెలుసు. అవే గీతలు ఏళ్ల తర్వాత కంప్యూటర్ తెర మీద, పాచిరంగు వెలుగులో, మళ్లీ ఎదురవుతాయని మాత్రం అనుకోలేదు.

( )

హాడో జెట్టీ పక్కన మత్స్యకారుల సంఘం వాళ్ల గది. రేకుల మీద వాన. కంప్యూటర్లు అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చిన కొత్తలు అవి. సంఘం గదిలో ఉన్నదానికి ఒక దుప్పటీ, దుప్పటీ మీద ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద ఎవరో అంటించిన నిమ్మకాయ బొమ్మ. మధ్యాహ్నాలు సీతాలు వాటన్నిటినీ ఒక్కొక్కటే తీసి, తెర ముందు కూచునేది. ఆమెకి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. పెళ్లి మాట ఎత్తినవాళ్లని వినీ విననట్టు చూసే అలవాటు ఆమెకి ఉంది. అందువల్ల ఎత్తడం మానేశారు.

ఆ కంప్యూటర్ భాష నేర్పింది జీవానందం మాస్టారు. డిగ్నాబాద్‌లో వాళ్ల వీధి చివరి ఇల్లు ఆయనది. ఓడల మీద వైర్‌లెస్ పని చేసి దిగిపోయినవాడు, ఆదివారాలు తెలుగు చర్చిలో వాక్యం చదివేవాడు. మద్రాసు నుంచి ఒక ఫ్లాపీ తెచ్చుకుని, అందులోని భాషని పూలమొక్కలా పెంచుకుంటున్నాడు.

"బ్రాకెట్ తెరిచావు. ఏమీ రాయలేదు. మూసేశావు. అది ఖాళీ జాబితా," అన్నాడు మొదటిరోజు. "ఒక జాబితా లోపల ఇంకో జాబితా పెట్టుకోవచ్చు. దాని లోపల ఇంకోటి. ఎంత లోతుకైనా, బేటీ. ఈ భాషలో అడ్డు చెప్పేవాళ్లు లేరు."

"మరి ఖాళీదాన్ని లోపల పెట్టొచ్చా మాస్టారూ?"

"పెట్టొచ్చు. ఒక విచిత్రం కూడా ఉంది చూడు. ఈ భాషలో 'కాదు' అనే జవాబుకీ, ఖాళీ జాబితాకీ ఒకటే గుర్తు. ఇదే." ఆయన తెర మీద వేలు పెట్టాడు. రెండు గీతలూ ఆయన గోరు కింద ఆరి, వేలు తియ్యగానే మళ్లీ వెలిగాయి.

ఆ మాట సీతాలుకి ఎందుకో నచ్చలేదు. ఖాళీగా ఉండటం వేరు, కాదనడం వేరు. ఇంటికి పోయేటప్పుడు దారంతా అదే అనుకుంటూ నడిచింది. అంతటా సముద్రం, దాని లోపల దీవి, దాని లోపల డిగ్నాబాద్, అందులో పెంకుటిల్లు, అందులో అమ్మ, ఆ అమ్మ పక్కన తను. తన లోపల? అక్కడ కూడా ఒక బ్రాకెట్ ఉందని తెలుసు. అది తెరిచి చూసిన గుర్తు మాత్రం లేదు.

*

సీతాలు తండ్రి అసిరయ్య. చేపలు పట్టడం తెలిసిన మనుషులు కావాలని తీర ఆంధ్రలో అడిగి, ఓడెక్కించి తెచ్చిన కొత్తల్లో వచ్చినవాడు. సీతాలుకి పళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసులో ఒక తెల్లవారుజామున పడవెక్కాడు. పడవ తిరిగొచ్చింది. అతను రాలేదు. గాలివాన ఏమీ లేదని, నీళ్లు నూనెలా ఉన్నాయని, అందరూ వలవైపు చూస్తున్నారని, తిరిగి చూసేసరికి వెనక బల్ల ఖాళీగా ఉందని మిగతావాళ్లు చెప్పారు. ఆ పడవకి పెద్దగా ఉన్నది లక్ష్ముడు, సీతాలుకి మేనమావ. ఆ సంగతి అతను ఇప్పటికీ ఎదటివాళ్ల మొహం చూసి చెప్పలేడు.

ఆ రేవులో వాటాలు పంచుకునే పద్ధతి ఒకటుంది. పడవ ఒడ్డున పడగానే ఇసక మీద కొబ్బరాకులు పరుస్తారు. పడవకి ఒక ఆకు, వలకి ఒకటి, మనిషికి ఒకటి. ఆకు మీద కుప్ప. నీళ్లలో పోయి దొరకని మనిషికి కూడా ఆకు పరుస్తారు. దాని మీద చేప వెయ్యరు. గాలికి ఎగిరిపోకుండా ఒక తెల్ల పగడపురాయి పెడతారు. అందరూ తమ కుప్పలు ఎత్తుకున్నాక ఆ ఇంటి ఆడమనిషి వచ్చి, ఖాళీ ఆకుని అలలో కడిగి వదిలేసి, రాయిని ఇంటికి తెచ్చుకుంటుంది. మర్నాడు మళ్లీ ఆ రాయి పట్టుకుని వెళుతుంది. ఏదో ఒకరోజు రాయిని ఆమె తన చేత్తో నీళ్లలోకి విసిరేస్తే, ఇక ఆకు పరవరు. అప్పటినుంచి పడవ మొత్తం కలిసి ఆ ఇంటికి ఒక కుప్ప ఇస్తుంది. ఆకు ఉన్నంతకాలం ఇవ్వరు. ఆకు ఉందంటే మనిషి పడవలో ఉన్నట్టే. ఉన్నవాడి పెళ్లానికి ఊరికే చేప పెట్టడం తప్పు.

చాలామంది ఏడాది తిరక్కుండానే విసిరేస్తారు. సీతాలు తల్లి తవిటమ్మ విసరలేదు. ఎండుచేపలు అమ్మి కూతుర్ని చదివించింది. రోజూ పొద్దెక్కేసరికి కొంగున రాయి మూటగట్టి "వాటా తెచ్చుకోడానికి ఎల్తన్నాను" అని చెప్పి వెళ్లేది. రాయి అరిగి కోడిగుడ్డంత నున్నగా తయారైంది. వంటింట్లో ఉప్పుజాడీ పక్కన దాని చోటు.

ఆ రాయి అక్కడ కనిపిస్తేనే సీతాలుకి అన్నం సహించేది. ఎందుకని తనని తాను అడగలేదు. అమ్మ కోసం ఆ ఆకు ఉండాలి, అది పోతే అమ్మ ఉండదు. ఇంతే ఆమెకి తెలిసింది.

*

ఇంజను డోంగీ పడవలు వచ్చాక పద్ధతి చెడింది. నాలుగైదు పడవలు ఒకేసారి ఐసుగది ముందు దిగేవి. చేపలన్నీ ఒక్క గుట్ట. ఎవరి వంజరం చేప ఎవరి పెట్టెలోకి పోయిందో తెలియక రోజూ గొడవ. అప్పుడు సంఘం సీతాలుని పిలిచింది. పడవల వారీగా, మనుషుల వారీగా వాటాలు కంప్యూటర్లో వెయ్యాలి. చివరికి ఒక్క వరసలో అచ్చు కొట్టి ఇవ్వాలి. సంఘం తరఫున బంగారురాజు మైకులో చదువుతాడు. పేరు వినపడినవాడు వచ్చి పెట్టె పట్టుకుపోతాడు. ఇక ఆకుల పని లేదు.

పడవలో ఎవరెవరుంటారో చెప్పమని ఆమె లక్ష్ముణ్ణి అడిగింది. అతను కళ్లు మూసుకుని చెప్పాడు. ఆ రేవులో మనుషుల్ని అలాగే చెబుతారు, ముందు బల్ల నుంచి వెనక బల్ల దాకా, కూచునే వరసలో. మధ్యలో ఒక పేరు తీసేస్తే తర్వాతి పేరు నోటికి రాదు. అందుకని ఎప్పుడో పోయినవాళ్లు కూడా తమ బల్లల మీద తాము కూచునే ఉంటారు. మిగతా పడవలవాళ్లూ అలాగే చెప్పారు. సీతాలు విన్నది విన్నట్టు ఎక్కించింది. పెద్ద బ్రాకెట్లో పడవ. దానిలో మనుషులు. ఒక్కో మనిషి పేరు పక్కన మళ్లీ బ్రాకెట్, అందులో అతని చేపలు.

(అసిరయ్య ( ))

అది ఎక్కించినప్పుడు వేళ్లు కాసేపు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

ఇప్పుడు ఈ గూళ్లలో గూళ్లన్నీ విప్పి ఒకే వరస చెయ్యాలి. అందుకొక ఫంక్షన్ రాసింది. దాని పేరు 'చదును'. లోపలి బ్రాకెట్లన్నీ ఊడదీసి, చేప చేపకీ పక్కన మనిషి పేరు తగిలించి, ఒడ్డున వల ఆరేసినట్టు పరుస్తుంది.

"పని చేస్తోంది," అన్నాడు మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని. "ఆప్షన్లేమీ పెట్టలేదా?"

"అవేం చేస్తాయి?"

"ఫంక్షన్ అంటే వంటమనిషి అనుకో. పని చెబితే చేస్తుంది. ఆప్షన్ అంటే, 'ఇవాళ పులుపు తగ్గించమ్మా' అని పక్కన ఒక మాట చెప్పడం. చెప్పకపోతే తన చేతి అలవాటు ప్రకారం చేసేస్తుంది. ఎంత లోతు దాకా విప్పాలి, ఖాళీలు వస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఆప్షన్లే."

"చెప్పకపోతే?"

"చెప్పాను కదా. అలవాటు ప్రకారం."

దాని అలవాటేమిటో సీతాలు అడగలేదు. వాన పెద్దదైంది. చేతిమీద తల పెట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసింది. పడవలోకి దిగింది, దాని అడుగున ఇంకో పడవ ఉంది, దాని అడుగున ఇంకోటి. ప్రతిదానిలోనూ "ఎవరూ?" అని పిలిచింది, ప్రతిదాంట్లోంచీ ఎవరో పలికారు. చిట్టచివరిదాంట్లో ఎవరూ పలకలేదు. వంగి బల్ల తడిమి చూస్తే అది వెచ్చగా ఉంది, ఎవరో కూచుని ఇప్పుడే లేచినట్టు. ఉలిక్కిపడి లేచేసరికి ప్రింటరు కాయితాన్ని బయటికి తోస్తోంది.

*

బంగారురాజుకి మైకు దొరికితే మనిషి కాదు. "సునో సునో! ముందు బల్ల మీద మహారాజు రాముడు గారు, రెండు వంజరాలు! భయ్యా, పెట్టె పట్టు, సిగ్గుపడకు! పోలిరాజు గారు, సూర ఒకటి, పారలు మూడు, అబ్బో, ఇంట్లో దీదీకి పండగే!"

"నోర్మూసి సదవరా," అన్నాడు పోలిరాజు, నవ్వుతూనే.

జనం నవ్వుకున్నారు. ఆ పొద్దు గొడవ లేదు. సంఘం పెద్దలు సీతాలు వైపు చూసి తలలూపారు. పేర్లు ఒకదాని వెంట ఒకటి తేలిపోతున్నాయి. లక్ష్ముడి పడవ వచ్చింది, ముందు బల్ల, మధ్య బల్ల, లక్ష్ముడు, అక్కడితో ఆగి తర్వాతి పడవ మొదలైంది.

తవిటమ్మ ఐసుగది గోడ పక్కన నిలబడి ఉంది. చేతిలో రాయి. పెట్టెలన్నీ వెళ్లిపోయాయి. సిమెంటు గచ్చు మీద నీళ్లు కొట్టారు. పొలుసులు కొట్టుకుపోయాయి. ఆకులు పరవడానికి అక్కడ ఇసకే లేదు. ఆమె ఇంకా కాసేపు నిలబడి, రాయిని కొంగున కట్టుకుని ఇంటిదారి పట్టింది.

సీతాలు ఇల్లు చేరేసరికి తవిటమ్మ చేపలు ఎండేస్తోంది.

"మైకులో మీ అయ్య పేరు రానేదేటే?" అంది, వెనక్కి తిరక్కుండా.

"యంత్రం ఒదిలేసిందమ్మా."

"యంత్రానికి మీ అయ్య తెలదు. నీకు తెలుసు కదా."

రాత్రి అన్నాల దగ్గర రాయి ఉప్పుజాడీ పక్కన లేదు. ఎక్కడుందని సీతాలు అడగలేకపోయింది. ముద్ద దిగలేదు.

మర్నాడు మాస్టారు విని నిట్టూర్చాడు. "తప్పు కాదు బేటీ. చదును చేసేటప్పుడు ఖాళీలు జారిపోతాయి. లోపల ఏదో ఉంటేనే కదా అది బయటికి తీసేది. ఏమీ లేనిచోట బ్రాకెట్ ఊడదీస్తే ఏం మిగులుతుంది?"

"బ్రాకెట్ మిగలాలి."

"అలాగైతే అడగాలి. అడగనిదాన్ని ఏ యంత్రమూ ఇవ్వదు."

ఆమె ఆ సాయంత్రమే ఆప్షన్ రాసింది. 'ఖాళీలుంచు'. అవును అంటే ఉంచుతుంది. ఖాళీ బ్రాకెట్ కనబడ్డచోట మనిషి పేరు రాసి, పక్కన 'ఖాళీ' అని అచ్చు కొడుతుంది. లక్ష్ముడి పడవ ఒక్కదాన్నీ ఇచ్చి చూసింది. చివరి వరసలో అసిరయ్య వచ్చాడు. ఆ వరసని వేలితో తాకింది. గాజు చల్లగా ఉంది.

"రేపు రా అమ్మా," అంది ఇంటికొచ్చి. "రేపు వస్తుంది."

తవిటమ్మ కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. "అంత కావాలేటే నీకు?" అంది. సీతాలు ఆ ప్రశ్నని సరిగా వినలేదు. రాయి ఉప్పుజాడీ పక్కకి వచ్చిందా లేదా అని చూస్తోంది. వచ్చింది.

*

మొదటి పేరు బంగారురాజు హుషారుగానే చదివాడు. రెండోది కూడా. మూడో పేరు దగ్గర కాయితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఎర్రయ్య... ఖాళీ."

ఎవరో పక్కున నవ్వి, మధ్యలో ఆపేసుకున్నారు.

"నూకరాజు, కానాగంతలు ఒక బుట్ట. గవరయ్య... ఖాళీ. సింహాద్రి... ఖాళీ."

అన్ని పడవల్లోనూ ఉన్నారు. ముందు బల్లల మీద, వెనక బల్లల మీద, కూచున్న వరసలో కూచున్నట్టే, పేరు పేరునా మైకులోంచి దిగుతున్నారు. బంగారురాజుకి ఆపడం తెలియలేదు. చదవడానికి ఇచ్చింది చదవడమే అతని పని. ఐసుగది ముందు మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సముద్రం చాలా దగ్గరికి వచ్చినట్టు అనిపించింది సీతాలుకి. ఒక ముసలామె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ చదువుతారేమోనని ఎదురుచూస్తోంది.

"తాతబ్బాయి... ఖాళీ."

పోలిరాజు పక్కన నిలబడ్డ అతని భార్య తాతమ్మ చేతిలోంచి బుట్ట జారిపోయింది. తాతబ్బాయి ఆమె మొదటి మొగుడు. అతని రాయి ఆమె ఎప్పుడో విసిరేసింది, ఆ తర్వాతే పోలిరాజుని చేసుకుంది. పోలిరాజు కిందకి వంగి చేపలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటే, చాలా నెమ్మదిగా ఏరుతున్నాడు. ఆమెని తలెత్తి చూడకుండా ఉండటానికే అలా ఏరుతున్నాడని చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు.

చివర్లో అసిరయ్య కూడా వచ్చాడు. అప్పటికి ఎవరూ వినడం లేదు. తవిటమ్మ వచ్చి తాతమ్మ భుజం పట్టుకుంది. కూతురి వైపు చూడలేదు.

సాయంత్రం తాతమ్మ వాళ్లింటికి వచ్చింది. కోపంగా లేదు. గుమ్మంలో కూచుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, అర్థం కానిది ఏదో అడిగినట్టు అడిగింది.

"నాను నా సేత్తో ఇసిరీసినాను కదే సీతాలూ. ఎంత దూరం పడిందో కూడా సూసినాను. మల్లా నువ్వు ములిగి దాన్నెందుకు తీసినావు?"

"నేను... మా అయ్య కోసం, తాతమ్మప్పా. ఒక్క మా అయ్యనే అనుకున్నాను."

"మీ అయ్యకి తాడు ఏస్తే మా అందరోళ్లూ ఒచ్చీసినారు." తాతమ్మ లేచింది. "పోలిరాజు ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. బాగుంది అన్నాడు. కూరలో ఉప్పెయ్యడం నాను మర్చిపోనాను. బాగుంది అన్నాడు."

*

"లోతు తగ్గిస్తే?" అని అడిగింది సీతాలు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. "ఒక మెట్టు దాకానే విప్పమంటే?"

మాస్టారు కాయితం మీద గీశాడు. పెద్ద పడవ, లోపల చిన్నవి, వాటిలో మరీ చిన్నవి. "మీ నాన్న ఈ లోతులో ఉన్నాడు. తాతబ్బాయి? చూడు, అదే లోతు. లోతుని బట్టి వీళ్లని విడదియ్యలేవు. ఒకటే ఖాళీ, ఒకటే ఆకారం. యంత్రానికి ఏ తేడా లేదు."

"తేడా ఉంది."

"ఉంది. దాని బయట ఉంది." ఆయన కాయితాన్ని వెనక్కి తిప్పాడు. "ఇంకో దారి ఉంది. ఆప్షన్ దగ్గర అవుననీ కాదనీ ముందే రాయనక్కర్లేదు. అక్కడ ఒక ప్రశ్న పెట్టొచ్చు. ఆ స్థానంలో ఇంకో ఫంక్షన్ పెడతావన్నమాట. ప్రతి ఖాళీ దగ్గరా ఆగి, 'ఉంచనా?' అని అడుగుతుంది."

"ఎవర్ని?"

"కీబోర్డు ముందు కూచున్న మనిషిని. ఎవరి ఖాళీ అయితే వాళ్లని నువ్వు అడిగి రావాలి."

తాతమ్మని అడగనక్కర్లేదు. అందరికన్నా ముందు అడగవలసిన మనిషి ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదని సీతాలుకి అప్పుడు తట్టింది.

తవిటమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది. పొద్దు వాలుతోంది, పక్కింటి రేడియోలో హిందీ వార్తలు. సీతాలు వెళ్లి తల్లికి ఎదురుగా కూచుని వల రెండో కొస పట్టుకుంది.

"అమ్మా. అయ్యకి ఆకు ఉంచమంటావా?"

తవిటమ్మ చేతులు ఆగలేదు. "మీ మావ ఏడాది తిరిగినప్పుడే అన్నాడు. అప్పా, ఇసిరేయ్, నీకు కుప్ప ఇస్తాం, సీతాలు గుంట ఆకలితో ఉంది, అనీసి. నాను రాయి పట్టుకుని ఎల్లినాను."

"మరి ఇసర్లేదే?"

"నీకు గుర్తునేదా?"

"ఏటి?"

"ఆయాల నువ్వు పరిగెట్టుకొచ్చి ఆకు మీద కూకున్నావు. మోకాళ్లు ముడుసుకుని, సిన్న కోడిపిల్ల నాగ. లెగమంటే లెగవు. మీ మావ సెయ్యి పట్టి లాగినాడు, లెగవు. ఆకు ఎత్తాలంటే నిన్ను ఎత్తాలి. అలల్లోకి ఒదలాలంటే నిన్ను ఒదలాలి." ఒక ముడి పళ్లతో బిగించి, దారం తుంపింది. "మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సరే, ఉండనీ అన్నాను."

సీతాలుకి ఆకు గుర్తుంది. దాని గీతలు తొడల మీద అచ్చుపడటం గుర్తుంది. చుట్టూ పెద్దవాళ్ల కాళ్లు, తడి, చేపల వాసన, మధ్యలో ఒక పచ్చటి గది. అది ఆట అనుకుంది ఇన్నాళ్లూ. ఎవరి చోటులో కూచుందో ఆ పిల్లకి తెలిసే ఉంటుంది. ఆ తెలివిని ఎక్కడో మడిచి పెట్టి, దాని మీద ఇంకో మడత వేసి, పైన తను పెరిగింది.

"నువ్వు అయ్య కోసం ఎల్తన్నావనుకున్నాను," అంది.

"మీ అయ్య నీళ్లలో పోనాడని నాకు ఆ పొద్దే తెలుసు. నాను ఆకు కోసం ఎల్లనేదే. నువ్వు లెగుస్తావేమో అని ఎల్లినాను."

రేడియోలో వార్తలు అయిపోయి సముద్రం స్థితి చెబుతున్నారు. నీళ్లు నెమ్మదిగా ఉంటాయట.

*

తెల్లారి లక్ష్ముడి పడవ ఐసుగదికి రాలేదు. సీతాలు ముందురోజే చెప్పి వచ్చింది, పాత రేవులో ఇసక మీద దిగమని. అతను ఎందుకని అడగలేదు. కొబ్బరాకులు తానే కోసి తెచ్చాడు. పడవకి ఒకటి, వలకి ఒకటి, మనిషికి ఒకటి. చివర్లో ఇంకొకటి. సంగతి ఎలా పాకిందో, పోలిరాజు, తాతమ్మ కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. బంగారురాజు మైకు లేకుండా వచ్చాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

కుప్పలు వేశారు. చివరి ఆకు మీద తవిటమ్మ రాయి పెట్టబోయి, ఆగి, దాన్ని కూతురి చేతిలో పెట్టింది.

సీతాలు వెళ్లి ఆకు మీద కూచుంది. మోకాళ్లు ముడుచుకున్నా పూర్తిగా పట్టలేదు, చీరకుచ్చిళ్లు ఇసకలో పడ్డాయి.

"ఏటి దీదీ," అన్నాడు పోలిరాజు దూరంనుంచి, మెల్లగా, "సేపల్తో పాటు నిన్ను కూడా తూకం ఎయ్యాలేటి?"

"ఎయ్యి. నీ కాటాకి ఆగుతానో నేదో," అంది సీతాలు. తాతమ్మ మొగుడి జబ్బ మీద ఒకటి కొట్టింది. అతను ఆ చెయ్యిని అలాగే పట్టుకున్నాడు.

కింద ఇసక చల్లగా ఉంది. సీతాలు కళ్లు మూసుకుంది. అన్నిటికన్నా లోపలి పడవలోకి దిగింది. అక్కడ బల్ల మీద పళ్లు ఊడిన పిల్ల ఒకతె కూచుని ఉంది, చాలా ఓపికగా, ఎవరి చోటో కాపలా కాస్తూ. పక్కన కాస్త చోటుంటే కూచుంది. కాసేపటికి ఇద్దరికీ కాళ్లు తిమ్మిరెక్కాయి.

లేచింది.

కూచున్నచోట ఆకు కొంచెం వెచ్చగా ఉండి ఉంటుంది. ఎవరూ తాకి చూడలేదు. తవిటమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి, మోకాలిలోతు నీళ్లలోకి నడిచింది. సీతాలు వెనకే వెళ్లింది. రాయి విసరలేదు, చెయ్యి నీళ్లలోకి పెట్టి, వేళ్లు తెరిచింది. తెల్లరాయి కొంతదూరం కనబడుతూనే దిగి, ఆ తర్వాత అడుగున ఉన్న మిగతా తెల్లరాళ్లలో ఏదో ఒకటి అయింది. ఆకు మాత్రం పోలేదు. రెండు అంచులూ పైకి వంగి, అలతో పాటు ఇటు వచ్చి అటు పోయి, చాలాసేపు వాళ్ల కాళ్ల చుట్టూనే తిరిగింది.

"ఎల్తాదిలే," అంది తవిటమ్మ. "దానికి తొందరేటి."

వెనక్కి వచ్చేసరికి లక్ష్ముడు కుప్పలన్నిటిలోంచి తలా ఒకటి తీసి, అక్క ఎదురుగా పెట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడి ఉన్నాడు. తవిటమ్మ చేపల్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"ఆ వంజరం సిన్నది ఏసినావేట్రా," అంది.

లక్ష్ముడు ఇటు తిరిగాడు. ఏళ్ల తర్వాత అక్క మొహంలోకి సూటిగా చూసి, నవ్వబోయి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. సంఘం గదిలో సీతాలు దుప్పటీ తీసి, 'చదును'కి కొత్త ఆప్షన్ తగిలించింది. అవుననీ కాదనీ కాదు, ప్రశ్న. జెట్టీ వైపు కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. ఫంక్షన్ ఒక్కో పడవే విప్పుకుంటూ, ఒక్కో మెట్టే దిగుతూ వెళ్లి, మొదటి ఖాళీ దగ్గర ఆగింది. ఎర్రయ్య ఇంటివాళ్లని పొద్దున అడిగే వచ్చింది. వాళ్లు చెప్పిన జవాబు కొట్టింది. గవరయ్య తల్లి ఒక్కతే ఉంచమంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న ముసలామె ఆమే. ఉంచింది. తాతబ్బాయి దగ్గర ఆలోచించనక్కర్లేకపోయింది.

తర్వాత లక్ష్ముడి పడవ. ముందు బల్ల. మధ్య బల్ల. వెనక బల్ల.

అసిరయ్య. ఉంచనా?

ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతూ ఆరుతూ ఆమె జవాబు కోసం చూస్తోంది. ఇంటి దగ్గర అమ్మ చేపలు తోముతూ ఉంటుంది. ఆ వాసన ఇక్కడిదాకా రాదు. అయినా ఆకలి వేసింది ఆమెకి.

ఆ భాషలో కాదు అనడానికి ఏం రాయాలో మాస్టారు మొదటిరోజే చెప్పాడు. సీతాలు ఒక గీత కొట్టింది, ఎడమకి ఉబ్బినది. ఏమీ రాయలేదు. రెండో గీత కొట్టింది.

( )

పైనుంచి చూస్తే, నెమ్మదిగా ఉన్న నీళ్ల మీద, ఎవరూ లేకుండా తేలిపోతోంది. ఆమె దాన్ని పోనిచ్చింది.